వ్యాయామానికి ఇంటి చిరుతిండి: ఎవరికి, ఎప్పుడు, ఎంత?

ఉద్దేశ్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
- వ్యాయామ సమయంలో శరీరం ఏ నిల్వల నుంచి శక్తిని తీసుకుంటుందో వివరించగలుగుతారు.
- నడకకు, పరుగుకు అయ్యే శక్తి వ్యయాన్ని సుమారుగా లెక్కకట్టగలుగుతారు.
- వ్యాయామానికి ముందు, తరువాత తినదగిన మూడు చిరుతిళ్ళను ఇంట్లో తయారుచేసుకోగలుగుతారు.
- ఏ వ్యాయామానికి చిరుతిండి అవసరమో, దేనికి అవసరం లేదో నిర్ణయించగలుగుతారు.

1. పరిచయం

పదవీ విరమణ తరువాత నేను హైదరాబాదుకు ఉత్తరాన, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని బౌరంపేటలో ఉంటున్నాను. తెల్లవారకముందే మా దారిలో రెండు రకాల మనుషులు కనిపిస్తారు. పోలీసు ఉద్యోగానికి తయారవుతూ పరుగెత్తే యువతీ యువకులు మొదటి రకం. డాక్టరు చెప్పాడని నడిచే నడివయసు వారు రెండో రకం. వీరిలో ఇద్దరి అనుభవంతో ఈ పాఠాన్ని ప్రారంభిద్దాం.

మొదటి వ్యక్తి ఇరవై రెండేళ్ళ యువకుడు. మీలాగే దూరవిద్యలో డిగ్రీ చదువుతున్నాడు. మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు ఒక గోదాములో సరుకు దించే పని. రాత్రి ఎనిమిదికి అన్నం తింటే మళ్ళీ తినేది మరునాడు పొద్దున తొమ్మిదికే. నడుమ అయిదుంబావుకు లేచి ఖాళీ కడుపుతో గంటకు పైగా పరుగు, దూకుడు, దండాలు. ఒకరోజు స్నేహితుడి మాట విని ఎనర్జీ డ్రింక్ డబ్బా ఒకటి తాగి పరుగెత్తాడు. గుండె దడ, చేతుల వణుకు, ఆ తరువాత వాంతి. రోడ్డు పక్కన కూర్చున్నవాడు నన్ను అడిగిన ప్రశ్న ఇది: "పొద్దుగాల ఏం తినాలె సార్?"

రెండో వ్యక్తి యాభై దాటిన గృహిణి. మధుమేహం ఉంది. రోజూ అరగంట నడుస్తారు. నడకకు శక్తి కావాలని బయలుదేరేముందు రెండు పల్లీ ముద్దలు తింటారు. మూడు నెలలు క్రమం తప్పకుండా నడిచినా బరువు తగ్గలేదు, పైగా రెండు కిలోలు పెరిగింది. ఆమె అడిగిందీ అదే ప్రశ్న: ఏం తినాలి?

ప్రశ్న ఒకటే అయినా జవాబులు వేరు. మొదటి వ్యక్తికి తిండి తక్కువైంది, రెండో వ్యక్తికి ఎక్కువైంది. ఏది తినాలి అన్న ప్రశ్నకు జవాబు దొరకాలంటే ముందుగా ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలియాలి. ఈ పాఠం అందుకోసమే.

2. శరీరానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుంది?

మనం తినే అన్నం, రొట్టె, పండ్లు, బెల్లం వంటి వాటిలోని పిండిపదార్థాలు, చక్కెరలు జీర్ణమై గ్లూకోజుగా మారతాయి. అప్పటికి అవసరం లేని గ్లూకోజును శరీరం గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. ఈ నిల్వలు రెండు చోట్ల ఉంటాయి.

(అ) కండరాల్లో సుమారు 400 గ్రాములు. ఏ కండరంలోని నిల్వ ఆ కండరానికే ఉపయోగపడుతుంది.
(ఆ) కాలేయంలో సుమారు 100 గ్రాములు. రక్తంలో గ్లూకోజు పడిపోకుండా కాపాడేది ఈ నిల్వే.

మనం నిద్రపోతున్నా మెదడు గ్లూకోజును వాడుకుంటూనే ఉంటుంది. అందువల్ల రాత్రి గడిచేసరికి కాలేయంలోని నిల్వ బాగా తగ్గుతుంది. కండరాల నిల్వ మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. కాబట్టి ఉదయం అరగంట నడకకు ఆరోగ్యవంతుడైన మనిషి ఏమీ తినకపోయినా ఇబ్బంది లేదు. గంట, గంటన్నర తీవ్రంగా శ్రమించేవారికి మాత్రం, అందులోనూ ముందురోజు సరిగా తిననివారికి, కళ్ళు తిరగడం, నీరసం, ఏకాగ్రత లోపం రావచ్చు.

శరీరంలో కొవ్వు నిల్వలు గ్లైకోజెన్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. నెమ్మదిగా నడిచేటప్పుడు శక్తిలో పెద్ద భాగం కొవ్వు నుంచే వస్తుంది. వేగం పెరిగేకొద్దీ శరీరం గ్లైకోజెన్ మీద ఎక్కువగా ఆధారపడుతుంది. అందుకే నడిచేవారి అవసరం, పరుగెత్తేవారి అవసరం ఒకటి కావు.

3. శక్తి వ్యయాన్ని లెక్కకట్టడం

ఒక గ్రాము పిండిపదార్థం 4 కిలో కాలరీలు, ఒక గ్రాము ప్రోటీన్ 4 కిలో కాలరీలు, ఒక గ్రాము కొవ్వు 9 కిలో కాలరీలు ఇస్తాయి. ఇది ఆదాయం. ఇక ఖర్చు చూద్దాం.

పరుగుకు సులభమైన సూత్రం: శరీర బరువులో ప్రతి కిలోకు, పరుగెత్తిన ప్రతి కిలోమీటరుకు సుమారు 1 కిలో కాలరీ.

60 కిలోల యువకుడు 5 కిలోమీటర్లు పరుగెత్తితే: 60 × 5 = 300 కిలో కాలరీలు.

గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిచేవారికి గంటకు, శరీర బరువులో కిలోకు, సుమారు 3.5 కిలో కాలరీలు ఖర్చవుతాయి.

65 కిలోల గృహిణి అరగంట నడిస్తే: 65 × 3.5 × ½ = దాదాపు 114 కిలో కాలరీలు. ఇందులో ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవి 30కి పైగా ఉంటాయి.

ఇప్పుడు ఆమె తిన్న ముద్దలను చూడండి. పల్లీలు, బెల్లం సమానంగా కలిపిన 40 గ్రాముల ముద్దలో 20 గ్రాముల పల్లీల నుంచి దాదాపు 110, 20 గ్రాముల బెల్లం నుంచి 75 కిలో కాలరీలు వస్తాయి. మొత్తం 185. రెండు ముద్దలకు 370. ఆ శక్తి ఖర్చు కావాలంటే గంటన్నరకు పైగా నడవాలి. ఆమె నడిచింది అరగంటే. బరువు పెరగడానికి కారణం నడక కాదని, ముద్ద కూడా చెడ్డది కాదని, లెక్క కుదరలేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

యువకుడి లెక్క కూడా చూద్దాం. 2022లో వెలువడిన తెలంగాణ కానిస్టేబుల్ నియామక ప్రకటన ప్రకారం దేహదారుఢ్య పరీక్షలో పురుషులకు 1600 మీటర్లు, మహిళలకు 800 మీటర్ల పరుగు ఉంది. 60 కిలోల వ్యక్తికి 1600 మీటర్ల పరుగు ఖర్చు 100 కిలో కాలరీల లోపే. పరీక్ష రోజున ఆ పరుగు కోసం ప్రత్యేకంగా శక్తినిచ్చే తిండి ఏదీ అక్కరలేదు, కండరాల్లో ఉన్నది చాలు. తిండి అవసరమయ్యేది అంతకుముందు నెలల తరబడి సాగే సాధనకు. పరీక్షనాడు తాగే డబ్బా మీద పెట్టే శ్రద్ధను సాధన రోజుల తిండి మీద పెట్టాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
(అ) కాలేయంలోని గ్లైకోజెన్ ముఖ్యమైన పని ఏమిటి?
(ఆ) 70 కిలోల వ్యక్తి 4 కిలోమీటర్లు పరుగెత్తితే సుమారు ఎంత శక్తి ఖర్చవుతుంది?

4. మన వంటింట్లోని శక్తి ఆహారాలు

తెలంగాణలో సద్దుల బతుకమ్మనాడు చేసే ఫలహారాలను గుర్తుచేసుకోండి. రొట్టెను నలిపి బెల్లం, నెయ్యి కలిపి చేసే మలీద ముద్దలు. మక్కలు, పల్లీలు, నువ్వులు వేయించి పొడిచేసి బెల్లంతోనో చక్కెరతోనో కలిపే సత్తులు. ధాన్యం, నూనెగింజ, తీపి కలిసిన ఈ ఫలహారాలు తక్కువ బరువులో ఎక్కువ శక్తినిస్తాయి, పొడిగా ఉంచితే నిలవ ఉంటాయి, చేతిలో పట్టుకుని తినవచ్చు. నేడు రంగు కాగితంలో చుట్టి అమ్ముతున్న ఎనర్జీ బార్ లక్షణాలు కూడా ఇవే.

ఈ సంప్రదాయానికి శాస్త్రీయ రూపం కూడా హైదరాబాదులోనే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో ఇప్పటి పేరు పొందింది. పోషకాహార లోపం ఉన్న పిల్లల కోసం ఈ సంస్థ రూపొందించిన మిశ్రమం 'హైదరాబాద్ మిశ్రమం' పేరుతో పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. దాని పాళ్ళు ఇవి:

వేయించిన గోధుమలు – 40 గ్రాములు
వేయించిన శనగలు – 16 గ్రాములు
వేయించిన పల్లీలు – 10 గ్రాములు
బెల్లం – 20 గ్రాములు
మొత్తం 86 గ్రాములు. శక్తి 330 కిలో కాలరీలు, ప్రోటీన్ 11.3 గ్రాములు.

ఈ కలయికలో ఒక సూత్రం ఉంది. గోధుమలోని ప్రోటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, శనగల్లో అది ఎక్కువ. శనగల్లో మెథియోనిన్ తక్కువ, ఆ లోటును గోధుమ కొంత తీరుస్తుంది. ధాన్యం, పప్పు కలిసినప్పుడు రెండింటి ప్రోటీన్ నాణ్యత పెరుగుతుంది. మనం అన్నంలో పప్పు కలుపుకోవడంలోనూ ఉన్నది ఈ సూత్రమే.

పిల్లల కోసం తయారైన మిశ్రమాన్ని వ్యాయామానికి ఎందుకు ఎంచుకోవాలి? పల్లీ ముద్దతో పోల్చి చూడండి. 43 గ్రాముల హైదరాబాద్ మిశ్రమంలో శక్తి 165 కిలో కాలరీలు, ప్రోటీన్ 5.6 గ్రాములు, కొవ్వు సుమారు 3 గ్రాములు. 40 గ్రాముల పల్లీ ముద్దలో ప్రోటీన్ సుమారు 5 గ్రాములే అయినా కొవ్వు 9 గ్రాములకు పైనే. కొవ్వు ఎక్కువైన ఆహారం కడుపులో ఎక్కువసేపు నిలుస్తుంది. పరుగుకు ముందు తింటే కడుపు బరువుగా ఉంటుంది, వికారం కలగవచ్చు. మిశ్రమంలో ధాన్యం పాలు ఎక్కువ కాబట్టి ఆ ఇబ్బంది తక్కువ.

5. తయారీ విధానాలు

5.1 పరుగుకు ముందు: మక్క సత్తు జావ

కావలసినవి (ఒకరికి): మక్క సత్తు 30 గ్రాములు (సుమారు మూడు పెద్ద చెంచాలు), బెల్లం పొడి 10 గ్రాములు, నీళ్ళు ఒక గ్లాసు, చిటికెడు ఉప్పు.

ఎండు మక్కలను దోరగా వేయించి, చల్లారిన తరువాత మెత్తగా పొడిచేసి జల్లించాలి. ఈ పొడి తడి తగలని డబ్బాలో కొన్ని వారాలు నిలవ ఉంటుంది. ఉదయం లేవగానే గోరువెచ్చని నీళ్ళలో బెల్లం కరిగించి, వడగట్టి, సత్తు కలిపి తాగాలి. ఇందులో శక్తి సుమారు 140 కిలో కాలరీలు, పిండిపదార్థాలు 30 గ్రాములు. కొవ్వు చాలా తక్కువ. పరుగుకు అరగంట నుంచి ముప్పావుగంట ముందు తీసుకోవచ్చు. సత్తు చేసుకునే వీలు లేనివారికి ఒక అరటిపండు చాలు. మధ్యరకం పండులో సుమారు 100 కిలో కాలరీలు, 25 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి.

5.2 దగ్గర ఉంచుకోవడానికి: హైదరాబాద్ మిశ్రమం ముద్దలు

కావలసినవి (పది ముద్దలకు): గోధుమలు 200 గ్రాములు, శనగలు లేదా పుట్నాలు 80 గ్రాములు, పల్లీలు 50 గ్రాములు, బెల్లం 100 గ్రాములు.

(1) గోధుమలు, శనగలు, పల్లీలు విడివిడిగా సన్నని సెగ మీద వేయించాలి. గింజ పరిమాణం వేరు కాబట్టి కలిపి వేయిస్తే ఒకటి మాడి ఇంకొకటి పచ్చిగా మిగులుతుంది. పుట్నాలు వాడితే వాటిని వేయించనక్కరలేదు.
(2) పల్లీల పొట్టు తీసి, అన్నింటినీ చల్లారనివ్వాలి.
(3) గోధుమలను, శనగలను మెత్తగా పొడిచేయాలి. పల్లీలను కచ్చాపచ్చాగా దంచితే చాలు. ఎక్కువసేపు తిప్పితే నూనె వదిలి ముద్దగా మారతాయి.
(4) బెల్లంలో రెండు మూడు పెద్ద చెంచాల నీళ్ళు పోసి కరిగించి, వడగట్టి, జిగురు వచ్చేవరకు కాచి పొడిలో పోసి కలపాలి. వేడి తగ్గకముందే పది ముద్దలు కట్టాలి.

బెల్లం పాలు తక్కువ కావడం వల్ల ఈ ముద్దలు పల్లీ ముద్దల్లా గట్టిగా నిలవవు. ముద్ద విడిపోతుంటే కొద్దిగా వేడినీళ్ళు చల్లవచ్చు. అయితే తడి తగిలిన ముద్దలను ఒకటి రెండు రోజుల్లో తినేయాలి. తడి ఉన్నచోట బూజు త్వరగా పెరుగుతుంది. పొడిని డబ్బాలో ఉంచుకుని, రెండు రోజులకు సరిపడా ముద్దలు అప్పటికప్పుడు కట్టుకోవడం మంచి పద్ధతి.

వేయించడం రుచి కోసం మాత్రమే కాదు. పచ్చి పప్పుధాన్యాల్లో ప్రోటీన్ జీర్ణం కాకుండా అడ్డుపడే పదార్థాలు ఉంటాయి. వేడికి వాటి ప్రభావం తగ్గుతుంది. గింజలోని తేమ కూడా పోతుంది కాబట్టి పొడి నిలవ ఉంటుంది.

5.3 వ్యాయామం తరువాత: గుడాలు

కావలసినవి (ఒకరికి): బొబ్బర్లు లేదా శనగలు 50 గ్రాములు, నూనె ఒక చిన్న చెంచా, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకు, ఉప్పు, నిమ్మరసం.

గింజలను రాత్రి నానబెట్టి, ఉదయం ఆ నీళ్ళు పారబోసి, మంచినీళ్ళలో ఉప్పు వేసి ఉడికించాలి. పోపు పెట్టి, దించిన తరువాత నిమ్మరసం పిండాలి. నిమ్మలోని విటమిన్ సి గింజల్లోని ఇనుమును శరీరం గ్రహించడానికి తోడ్పడుతుంది. ఒకరి పాలులో ప్రోటీన్ సుమారు 10 గ్రాములు, శక్తి నూనెతో కలిపి 210 కిలో కాలరీలకు అటూ ఇటూ. దాదాపు ఇంతే శక్తినిచ్చే పల్లీ ముద్దలో ప్రోటీన్ ఇందులో సగమే. వ్యాయామం తరువాత కండరాల మరమ్మతుకు ప్రోటీన్, ఖర్చైన గ్లైకోజెన్ తిరిగి నిండటానికి పిండిపదార్థాలు కావాలి. గుడాలు రెండూ ఇస్తాయి. గుడ్డు తినేవారు ఉడికించిన గుడ్లు రెండు చేర్చుకుంటే మరో 12 గ్రాముల ప్రోటీన్ అందుతుంది.

6. ఎప్పుడు, ఎంత?

- 45 నిమిషాల లోపు నడక లేదా తేలిక వ్యాయామం: ప్రత్యేకంగా చిరుతిండి అక్కరలేదు. నీళ్ళు చాలు.
- గంట నుంచి గంటన్నర గట్టి సాధన: అరగంట ముందు సత్తు జావ లేదా అరటిపండు. గంటన్నర సమయం ఉంటే ఒక మిశ్రమం ముద్ద.
- గంటన్నర దాటిన పరుగు, సైక్లింగు: మధ్యలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థాలు కావాలి. ఒక అరటిపండు, ఒక మిశ్రమం ముద్ద కలిస్తే 50 గ్రాములు దాటుతాయి. ముద్దను కొద్దికొద్దిగా, నీళ్ళతో తినాలి.
- సాధన ముగిసిన గంట, రెండు గంటల్లో: గుడాలు లేదా పప్పు, పెరుగు ఉన్న భోజనం.

నీటి అవసరాన్ని తెలుసుకోవడానికి సులభమైన మార్గం ఉంది. వ్యాయామానికి ముందు, తరువాత బరువు చూసుకోండి. అరకిలో తగ్గితే దాదాపు అరలీటరు చెమట పోయిందని అర్థం. అది కొవ్వు తగ్గిన లెక్క కాదు. వేసవిలో ఉప్పు కలిపిన పల్చని మజ్జిగ నీటితోపాటు ఉప్పు లోటును కూడా తీరుస్తుంది.

7. కొన్ని అపోహలు

"బెల్లం ఎంత తిన్నా ఫరవాలేదు." బెల్లంలో ఖనిజ లవణాలు కొద్దిగా ఉన్నా అందులో అధిక భాగం చక్కెరే. రక్తంలో గ్లూకోజును పెంచడంలో రెండింటికీ పెద్ద తేడా లేదు.

"ఎనర్జీ డ్రింక్ శక్తినిస్తుంది." అందులోని శక్తి చక్కెర నుంచి వచ్చేదే. ఉత్సాహంగా అనిపించడానికి కారణం కెఫీన్. మన దేశ ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం ఇలాంటి పానీయాల్లో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండవచ్చు. పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, కెఫీన్ పడనివారికి తగదని డబ్బా మీదే రాయాలి. ఖాళీ కడుపుతో తాగి పరుగెత్తిన మన యువకుడికి దడ, వణుకు రావడంలో ఆశ్చర్యం లేదు.

"ప్రోటీన్ పొడి లేకుండా కండ రాదు." మన దేశంలో పెద్దవారికి రోజుకు సిఫారసు చేసిన ప్రోటీన్ శరీర బరువులో కిలోకు 0.83 గ్రాములు. 60 కిలోల వ్యక్తికి 50 గ్రాములు. గట్టి సాధన చేసేవారికి కిలోకు 1.2 గ్రాములు, ఆపైన అవసరం కావచ్చు, అంటే 72 గ్రాములు మొదలు. పప్పు, పెరుగు, గుడాలు, గుడ్లు రోజంతా పంచుకుని తింటే ఇది అందుతుంది. కండ పెంచుకోవడానికి ప్రోటీన్ పొడులు వాడవద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా సూచించాయి.

8. జాగ్రత్తలు

(1) ముడుచుకుపోయిన, నల్లబడిన, బూజు పట్టిన పల్లీలను ఏరి పారేయాలి. వాటిలో ఆఫ్లటాక్సిన్ అనే విషపదార్థం ఉండవచ్చు. అది కాలేయానికి హాని చేస్తుంది. వేయించినా పూర్తిగా పోదు.
(2) పల్లీలు, నువ్వులు, గోధుమలు పడనివారు వాటిని వాడరాదు. గోధుమకు బదులు జొన్న వాడవచ్చు.
(3) ఇన్సులిన్ గాని, మధుమేహానికి కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారికి వ్యాయామంలో గ్లూకోజు మరీ పడిపోయే ప్రమాదం ఉంది. తినడం మానాలా, తినాలా అన్నది వారు డాక్టరును అడిగే నిర్ణయించుకోవాలి. నడకకు వెళ్ళేటప్పుడు జేబులో కొద్దిగా గ్లూకోజు ఉంచుకోవాలి.
(4) తగినంత తిని, నీళ్ళు తాగినా పరుగులో కళ్ళు తిరిగితే, ఛాతీలో నొప్పి వస్తే సాధన ఆపి వైద్య పరీక్ష చేయించుకోవాలి. చిరుతిండితో సర్దుకుపోరాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
(అ) పరుగుకు ముందు పల్లీ ముద్ద కన్నా సత్తు జావ ఎందుకు మేలు?
(ఆ) మీ దగ్గరి దుకాణంలో ఒక ఎనర్జీ బార్ కొలతల పట్టిక చదివి, 10 గ్రాముల ప్రోటీన్‌కు ఎంత ధర పడుతుందో లెక్కకట్టండి. గుడాలకు కూడా అదే లెక్క చేసి పోల్చండి.

9. సారాంశం

పరిచయంలోని ఇద్దరి దగ్గరికి తిరిగి వద్దాం. గృహిణి డాక్టరును అడిగి, నడకకు ముందు ముద్దలు మానేశారు. ఇంట్లో పల్లీ ముద్దలు ఇప్పటికీ చేస్తారు. అయితే అవి పండుగకు, మనవళ్ళకు, తనకైతే ఎప్పుడో ఒకటి. యువకుడు ఉదయం సత్తు జావ తాగి పరుగెత్తుతున్నాడు. రాత్రి గోదాము నుంచి వచ్చి గుడాలకు గింజలు నానబెట్టడం అతనికి అలవాటైంది. ఇదే జిల్లాలోని హకీంపేట క్రీడా పాఠశాల పిల్లల తిండిని చూసుకోవడానికి ఒక సంస్థ ఉంది. సొంతంగా సాధన చేసేవారికి ఆ ఏర్పాటు ఉండదు. వారి ఆహార నిపుణులు వారే కావాలి. అందుకు కావలసింది కిలో మక్కలు, కిలో శనగలు, కొంచెం బెల్లం, ఈ పాఠంలోని లెక్క.

శక్తి ఆహారం అంటే ప్రత్యేకమైన పదార్థమేదో కాదు. ఖర్చుకు తగిన పరిమాణంలో, తగిన సమయంలో తిన్న మామూలు ఆహారమే శక్తి ఆహారం.

10. ముఖ్య పదాలు

గ్లైకోజెన్: శరీరంలో గ్లూకోజు నిల్వ ఉండే రూపం.
కిలో కాలరీ: ఆహారంలోని శక్తిని కొలిచే ప్రమాణం.
అమైనో ఆమ్లాలు: ప్రోటీన్లను నిర్మించే మూల పదార్థాలు.
ఆఫ్లటాక్సిన్: పల్లీలు, మక్కలు వంటి వాటిపై పెరిగే కొన్ని రకాల బూజు తయారుచేసే విషపదార్థం.

11. 'మీ ప్రగతిని సరిచూసుకోండి' – జవాబులు

1. (అ) రక్తంలో గ్లూకోజు స్థాయి పడిపోకుండా కాపాడటం. (ఆ) సుమారు 280 కిలో కాలరీలు.
2. (అ) సత్తు జావలో కొవ్వు చాలా తక్కువ కాబట్టి కడుపులో బరువుగా నిలవదు, పిండిపదార్థాలు త్వరగా అందుతాయి. (ఆ) మీ ఊరి ధరలను బట్టి జవాబు ఉంటుంది.

12. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. వ్యాయామ కాలాన్ని బట్టి ఆహార అవసరాలు ఎలా మారతాయో ఉదాహరణలతో వివరించండి.
2. హైదరాబాద్ మిశ్రమం పాళ్ళను, అందులోని పోషకాహార సూత్రాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. ఎనర్జీ డ్రింక్‌లలోని కెఫీన్ గురించి రాయండి.
2. మీ ఇంట్లో ఒకరి వ్యాయామాన్ని, వారు తినే చిరుతిండిని వారం రోజులు గమనించి, శక్తి ఆదాయ వ్యయాల పట్టిక తయారుచేయండి.